నడవాలో బల్లి పలికింది

పోయినవారం గంజి గిన్నె దొర్లిన చోటే నిషితను నిలబెట్టి వచ్చేశాం. ఒక చంకలో ఏడుస్తున్న పసిది, ఇంకో చేతిలో అత్తగారి తడిసిన చీర కుచ్చెళ్లు. ఎవరిమీద విసుక్కోవాలో కూడా తోచని స్థితి. అదృష్టం బాగుండి గంజి చల్లారి ఉంది, ఏడాది నిండని రుచితకు పిసరంత కూడా తగల్లేదు. అయినా "చీకట్లో గిన్నె కనపడలేదే, లైటు వెయ్యడం మర్చిపోయాను, పాడు మతిమరుపు" అని అత్తగారు కమలాకుమారి అంటూనే ఉంది. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. మనవరాలిని ఎత్తుకోమంటే "నువ్వే ఎత్తుకో తల్లీ" అని చేతులు వెనక్కి లాక్కుంది. ఆ చేతులు అలా వెనక్కి వెళ్లడం నిషిత మర్చిపోలేకపోయింది.

ఈ ఇల్లు కొత్తగా చూస్తున్నవాళ్లకు ఒక్క మాట చెప్పి ముందుకు పోదాం. పటాన్‌చెరులో బొంబాయి రోడ్డు దిగి రెండు సందులు తిరిగితే వస్తుంది. కమలాకుమారి భర్త చలపతిరావు కృష్ణా జిల్లా నుంచి సర్కారు కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే స్థిరపడి, రిటైరయ్యే ముందు కట్టించారు. ముందు హాలు, వెనక వంటిల్లు, రెంటికీ మధ్య రైలు పెట్టెలాంటి నడవా. ఎంత జాగ్రత్తపరుడైనా ఆయన ఆ నడవాకు ఒక కిటికీ పెట్టించడం మాత్రం మర్చిపోయి, లోపాన్ని లోపంగానే వదిలేసి కొన్నేళ్ల కిందట కన్నుమూశారు. కొడుకు ప్రవీణ్‌కుమార్ మందుల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. అతను దగ్గర్లోని కంది ఊళ్లో నర్సింహ అనే రైతు కూతురు నిషితను ప్రేమించి చేసుకున్నప్పుడు, ఈ నడవా గోడకే ఆనుకుని "మన మాట కాదు, మన వంట కాదు" అని కమలాకుమారి కన్నీళ్లు పెట్టుకుంది. అదే కమలాకుమారి ఇప్పుడు కోడలు చేసే పచ్చిపులుసు లేనిదే అన్నం కలపదు. అత్తా కోడళ్లు ఇంతగా కలిసిపోయారంటే ఆ సందులో నమ్మినవాళ్లు తక్కువ. నమ్మనివాళ్ల ఖర్మ.

నిషిత సుల్తాన్‌పూర్‌లో బీపీ మిషన్లు చేసే ఫ్యాక్టరీలో, తయారైన మిషన్లను పరీక్షించే బల్ల దగ్గర పని చేస్తుంది. శనివారాలు అక్కడ శ్రావణ్‌కుమార్ అనే ట్రైనర్ ఇష్టమున్నవాళ్లకు ఎలక్ట్రానిక్స్ నేర్పుతాడు. అరచేతిలో పట్టే నీలం బోర్డు, దానికి గుచ్చే రంగురంగుల తీగలు, మనం రాసిచ్చిన నాలుగు వాక్యాలను పొల్లుపోకుండా పాటించే దాని బుద్ధి, ఇవన్నీ నిషితకు తెగ నచ్చేశాయి. గంజి దొర్లిన మర్నాడు ఫ్యాక్టరీ బస్సులో వస్తుంటే ఆమెకు ఆలోచన తట్టింది. లైటు వెయ్యడం మర్చిపోయే మనిషి ఇంట్లో ఉన్నప్పుడు, ఎవరూ వెయ్యక్కర్లేని లైటు ఒకటి ఉంటే సరిపోదా? చీకటి పడగానే తనంతట తానే వెలగాలి, తెల్లారగానే తనంతట తానే ఆరాలి. అత్తమ్మ ఇంక ఆ నడవాలో తడుముకోకూడదు, పసిదాన్ని ఎత్తుకోవడానికి జంకకూడదు. భేషైన ఆలోచనే. కానీ పాపం, రోగమేమిటో అడక్కుండానే మందు తెచ్చేసింది మన పిల్ల.

ఆదివారం ప్రవీణ్‌కు డ్యూటీ పడింది. మధ్యాహ్నం ఎలక్ట్రీషియన్ సత్తిబాబు వచ్చి కరెంటు పని చేసి పెట్టాడు. నడవా గోడకు ఒక చెక్క బిగించి, దానిమీద జీరో బల్బు పెట్టి, బోర్డు చెప్పినట్టల్లా ఆ బల్బును వెలిగించి ఆర్పే రిలే అనే చిన్న డబ్బాకు తీగలు కలిపాడు. "కరెంటు జోలికి నువ్వు మాత్రం పోకమ్మా, మిగతా నీ ఇష్టం" అని టీ తాగి వెళ్లిపోయాడు.

మిగతాది నిషిత వంతు. దాని అసలు కీలకమంతా కందిబద్దంత బిళ్లలో ఉంది. బిళ్ల మీద మెలికలు తిరిగిన ఎర్రటి గీత. వెలుగు ఎంత పడుతోందో బోర్డుకు చెప్పేది అదే.

"ఏదీ, చూడనీ" అంటూ కమలాకుమారి వచ్చి దాన్ని వేళ్ల మధ్య పెట్టుకుని నలిపి చూసింది. "ఇంతేనా? ఇంత కంటికి అన్నీ కనపడతాయా?"

"అన్నీ కనబడయి అత్తమ్మా. వెలుగుందా లేదా, గంతే తెలుస్తది దానికి."

"మరి అదేగా కావాల్సింది" అంది కమలాకుమారి, బిళ్లను జాగ్రత్తగా కోడలి అరచేతిలో పెడుతూ.

నిషిత లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. బిళ్లను గుమ్మం దగ్గరికి తీసుకుపోతే తెర మీద అంకె పెరిగింది, గుప్పిట్లో మూస్తే పడిపోయింది. బాగానే ఉంది. అయితే అంకె ఎంతకు దిగితే చీకటి పడినట్టు? ఆ సంగతి బోర్డుకు తెలియదు, మనిషే చెప్పాలి. అందుకని నిషిత సాయంత్రం దాకా ఆగి, నడవా గోడమీది కేలండర్లో తేదీలు కనపడకుండా పోయే వేళకు అంకె ఎంతుందో చూసుకుని, దాన్నే హద్దుగా రాసింది. అంతకన్నా తగ్గితే బల్బు వెలిగించు, పెరిగితే ఆర్పు, సెకనుకోసారి చూసుకుంటూ ఉండు. ఎవరి కళ్లతో చూస్తే తేదీలు కనపడకుండా పోయే వేళ అన్న ప్రశ్న ఆమెకు రాలేదు. ఇంత తేలికా అని మురిసిపోయి, తీగ పొడుగు చాలక బిళ్లను బల్బు పక్కనే చెక్కకు టేపుతో అతికించేసింది. మొదటిసారి చేసేవాళ్లు నూటికి తొంభైమంది అక్కడే అతికిస్తారట. తర్వాత శ్రావణ్‌కుమార్ ఆ మాట చెప్పి నవ్వాడు కానీ అప్పటికి ఈ ఇంట్లో నవ్వే పరిస్థితి లేదు.

అప్పటికి కమలాకుమారి నడవాలోనే, వంటింటి కిటికీ వైపు మొహం పెట్టి కూర్చుని ఉంది. బతిమాలగా బతిమాలగా మనవరాలిని మళ్లీ తీసుకుంది. కాళ్లు చాపి, వాటి మీద రుచితను వెల్లకిలా పడుకోబెట్టుకుని, ఏదో కూనిరాగం తీస్తూ మెల్లగా ఊపుతోంది. కొత్త బల్బు ఆమెకు ఎడమ పక్కన, తలకు కాస్త పైన.

నడవాలో మసక ఇంకాస్త కమ్మింది. రిలే టక్కుమంది, బల్బు వెలిగింది. నిషిత చప్పట్లు కొట్టబోయేంతలో టక్కుమని ఆరింది. మళ్లీ వెలిగింది. మళ్లీ ఆరింది.

సంగతేమిటో నిషితకు వెంటనే అర్థమై నెత్తి కొట్టుకుంది. చీకటి పడిందని బోర్డు బల్బును వెలిగిస్తోంది. ఆ వెలుగు పక్కనే ఉన్న బిళ్ల మీద పడుతోంది. ఓహో తెల్లారిపోయిందనుకుని వెర్రి బోర్డు బల్బును ఆర్పేస్తోంది. ఆర్పగానే మళ్లీ చీకటి. ఆ లెక్కన ఆ నడవాలో సెకనుకో పగలు, సెకనుకో రాత్రి. ఇంతా చేసి తయారు చేసింది పెళ్లి పందిట్లో సీరియల్ లైటు! అత్తమ్మ ఏడిపించి వదిలిపెడుతుంది, వారం రోజులు ఇదే పాట పాడుతుంది. ఏడిపిస్తే ఏడిపించనీ, ఆ గంజి దిగులు నుంచి బయటపడితే చాలు అనుకుని నిషిత నవ్వాపుకుంటూ పిలిచింది.

"అత్తమ్మా, జెర చూడుండ్రి! నా దీపం ఎట్ల ఎలుగుతుందో చెప్పుండ్రి."

కమలాకుమారి కూనిరాగం ఆపి, గడ్డం కాస్త గోడ వైపు తిప్పింది.

"అబ్బ, ఎంత చక్కగా వెలుగుతోందే! నిలకడగా, కళ్లకు చల్లగా."

టక్.

"విన్నావుటే, బల్లి కూడా పలికింది. సత్యం!" కమలాకుమారి చూపుడు వేలితో నేల మీద తట్టి "కృష్ణ కృష్ణ" అనుకుంది.

నిషిత పకపకా నవ్వింది. ఎగతాళిలో అత్తగారిని మించినవాళ్లు లేరు మరి. చారులో ఉప్పు మర్చిపోయిన రోజున "అమృతమే తల్లీ" అని గ్లాసెత్తి తాగిన మనిషి. ఆ వెనక ఇంకో మాట విసురుతుంది, దానికీ నవ్వాలని నిషిత కాచుకుని కూర్చుంది. ఆ మాట రాలేదు. కమలాకుమారి పైకి, వాసాలు లేని సిమెంటు కప్పు వైపు మొహమెత్తి వెతుకుతోంది.

"ఈ నడవాలోకి బల్లి ఎప్పుడు వచ్చి చేరిందో! పసిదాని మీద పడేను, ఎక్కడుందో చూడవే."

టక్. టక్.

"అదేంటమ్మా, ఆగకుండా పలుకుతోందీ?"

నిషిత నవ్వు అక్కడే ఆగిపోయింది. అత్తగారి ఎడమ చెంప మీద పసుపుపచ్చ వెలుగు పడుతోంది, పోతోంది, పడుతోంది. ఆమె రెప్ప అయినా కదల్లేదు. కాళ్ల మీద పడుకున్న రుచిత మాత్రం ఆ వింత చూసి కళ్లు పత్తికాయలంత చేసుకుని, వెలిగినప్పుడల్లా రెప్పలార్పుతూ, ఆరినప్పుడల్లా పెదవి విరుస్తోంది. పాలు తాగే పిల్లకు తెలిసిన సంగతి నాయనమ్మకు తెలియడం లేదు.

నిషిత లేచి బోర్డు తీగ ఊడదీసింది. చప్పుడు ఆగింది. బల్బు ఆరిపోయింది.

"అత్తమ్మా, ఇప్పుడెట్లుంది బల్బు?"

"చెప్పానుగా, బాగుందని" అంది కమలాకుమారి, తల తిప్పకుండానే.

నిషిత వచ్చి అత్తగారి ఎదురుగా నేల మీద కూర్చుంది. రుచిత చిట్టి పాదం చేతిలోకి తీసుకుంది, ఏదో ఒకటి పట్టుకోవాలనిపించి.

"బల్లి లేదత్తమ్మా" అంది మెల్లగా. "అది రిలే చప్పుడు. ఇందాకటి సంది బల్బు ఎలుగుకుంట ఆరుకుంట ఉండె. ఇప్పుడైతే మొత్తమే బంద్ చేసిన. మీకు కనబడలేదా?"

కమలాకుమారి కాళ్లు ఊపడం ఆపేసింది. తర్వాత వచ్చిన గొంతు చాలా రోజుల కిందటి గొంతు, పెళ్లైన కొత్తలో నిషిత విన్న గొంతు.

"నాకు పరీక్ష పెట్టావన్నమాట. ఫ్యాక్టరీలో మిషన్లకు పెడతావే, అలాగ. పాసయ్యానా, తప్పానా?"

"పరీక్ష కాదత్తమ్మా, నా బిడ్డ మీద ఒట్టు. నేనే తప్పు పెట్టిన ఆ బిళ్లను. మీరు నవ్వుతరని పిలిచిన. నన్ను ఏడిపిస్తరని పిలిచిన."

ఆ మాటకు కమలాకుమారి కోపం నిలబడలేకపోయింది. పైకి లేచిన భుజాలు కిందికి జారాయి. చేతులు రెండూ మనవరాలిని వెతుక్కుని, దొరకబుచ్చుకుని, గుండెకు హత్తుకున్నాయి.

"దీన్ని నా దగ్గర్నుంచి తీసేసుకుంటావా?" అంది.

నిషిత ముందు ఏడ్చింది. ఏడుస్తూనే జరిగి అత్తగారి భుజం మీద తల పెట్టుకుంది. "ఎవరు తీసుకుంటరు? ఎందుకు తీసుకుంటరు? ఎన్ని రోజులసంది గిట్లుంది మీకు?"

"పోయిన చలికాలం నుంచేమోనే." ఒకసారి మొదలుపెట్టాక ఆమెకు కూడా దాచే ఓపిక లేకపోయింది. "మొదట్లో వీధి దీపాల చుట్టూ రంగుల గుండ్రాలు కనపడేవి, ఇంద్రధనుస్సు చుట్టబెట్టినట్టు. భలే ఉందిలే అనుకున్నా. ఆ తర్వాత పక్కనుంచి వచ్చేవి తెలియడం మానేశాయి. ఎదురుగా ఉన్నవి కనపడతాయమ్మాయ్. నీ మొహం కనపడుతోంది. దీని రెండు పళ్లూ కనపడుతున్నాయి. గోడవారన గిన్నె ఉంటేనే తెలియట్లేదు. ఆ రోజు లైటు వెయ్యకపోవడం కాదు. వేశాననే అనుకున్నా."

నిషితకు ఒక్కొక్కటీ గుర్తుకొస్తున్నాయి. ఉప్పు డబ్బా ఒక జానెడు పక్కకు జరిగితే అత్తగారు ఇల్లెగిరిపోయేలా అరిచేది. చెప్పులు గుమ్మానికి కుడి పక్కనే విడవాలి, కత్తిపీట చెంబు వెనకే ఉండాలి, తువ్వాలు రెండో కొక్కేనికే తగిలించాలి. ఎంత పెత్తనమో ఈమెకు అని నిషిత ఎన్నోసార్లు లోలోపల విసుక్కుంది. ప్రవీణ్‌తో చెప్పుకుని నవ్వింది కూడా. ఇల్లంతా వేళ్లతో చదువుకుంటున్న మనిషి, ఒక్క అక్షరం చెరిపినా దారి తప్పుతుందని అరిచిందని ఇప్పుడు తెలుస్తోంది. తనమీద తనకే అసహ్యం వేసింది.

"నాకెందుకు చెప్పలేదత్తమ్మా?"

"ఏం చెప్పను? శుక్లమేగా. మా అమ్మకీ వచ్చింది. అది ముదరాలి, ముదిరాక తీస్తారు. పచ్చిగా ఉండగా వెళ్తే ఇంకా టైముందని పంపించేస్తారు. ముదిరేదాకా ఎవరినీ కంగారు పెట్టడం దేనికని ఊరుకున్నా."

"ముదురుడేంది అత్తమ్మా, అదేమన్నా మామిడికాయనా?"

కమలాకుమారి అంత బాధలోనూ కిసుక్కుమంది. "నీ నోటికి తాళం వెయ్యాలే."

"మా తాతకు కూడ అయింది. మోతిబిందు."

"మోతి... ఏంటదీ?"

"మీ శుక్లమే. మా దిక్కు గట్ల అంటరు."

"మా శుక్లానికి మీ పేరొకటీ!" అని కమలాకుమారి కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత గొంతు తగ్గించింది. "అసలు సంగతి అది కాదే. నీకు చెబితే నువ్వు ఉద్యోగం మానేస్తావు. సాయంత్రం బస్సు దిగి సందు మలుపు తిరిగేటప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో నీకు తెలియదు. నేను ఈ పసిదాన్ని ఎత్తుకుని గేటు దగ్గర నిలబడేది అది చూడ్డానికే. మొదట్లో నువ్వు ఉద్యోగానికి వెళ్తానంటే ఎన్ని మాటలన్నాను! ఇప్పుడు నావల్లే మానేశావంటే నేను తట్టుకోలేను. ఇక ప్రవీణుకు చెబితే రేపే ఒక ఆయాను తెస్తాడు. ఆవిడ దీన్ని ఆడిస్తుంటే నేను కుర్చీలో కూర్చుని చూస్తుండాలి. ఆ చూసే భాగ్యమూ ఎన్నాళ్లో."

అత్తగారంటే తనకు ఇష్టమని నిషితకు తెలుసు. ఇంత ఇష్టమని ఇప్పుడే తెలిసింది. తల్లి అరుణమ్మ కందిలో పొలం పనుల్లో మునిగి ఉంటే, పురుడు పోసి, పథ్యం పెట్టి, రాత్రుళ్లు పాపను జోకొట్టి తనను నిద్రపోనిచ్చింది ఈ మనిషే. ఈ మనిషి కళ్లు చీకటవుతుంటే తను జీరో బల్బు తెచ్చి పెట్టింది.

"రేపు సెలవు పెడ్త" అంది నిషిత. "ఇద్దరం కండ్ల దవాఖానకు పోదాం. డాక్టర్ ఏం చెప్పినా ఇంటికొచ్చినంక ముగ్గురం కూసొని మాట్లాడుకుందాం. పాప మీ దగ్గర్నే ఉంటది. మీరు పరేషాన్ కాకుండ్రి."

"అప్పటిదాకా వాడికి చెప్పనని చేతిలో చెయ్యి వెయ్యి."

నిషిత చేతిలో చెయ్యి వేసింది. ఒక్క రాత్రేగా అనుకుంది. ఆ చేతిని అలాగే పట్టుకుని, "ఒక్క నిమిషం అత్తమ్మా, కదలకుండ్రి" అని ఫోన్ టార్చి వేసి కళ్లలోకి చూసింది. తాత కంట్లో మోతిబిందు తనకు బాగా గుర్తుంది. నల్లగుడ్డు నడుమ పాలచుక్క పడ్డట్టు తెల్లగా ఉండేది, చిన్నప్పుడు చూడాలంటే భయం వేసేది. అత్తగారి కళ్లలో ఆ తెలుపు వెతికింది. కుడి కంట్లో లేదు. ఎడమ కంట్లోనూ లేదు. రెండూ నల్లగా, నిగనిగలాడుతూ, ఏ జబ్బూ లేని కళ్లలాగే ఉన్నాయి. శుక్లమైతే కనపడాలి కదా? కనపడకపోతే ఇది ఏమిటి?

"ముదిరిందా?" అని ఆశగా అడిగింది కమలాకుమారి.

"రేపు డాక్టర్ చెప్తడు" అని నిషిత టార్చి ఆపేసింది. ఆమెకు భయం పట్టుకుంది. పైకి చెప్పలేదు.

అలాంటప్పుడు చేతికి ఏదో ఒక పని ఉండాలి. కమలాకుమారే అంది, "ముందు నీ బల్బు సంగతి తేల్చు తల్లీ, ఇంత కష్టపడ్డావు" అని. రుచిత అప్పటికే నిద్రకు తూగుతోంది, తీసుకుపోయి హాలులో ఉయ్యాల్లో వేసి వచ్చింది నిషిత. తీగకు ఇంకో తీగ కలిపి పొడుగు చేసి, బిళ్లను బల్బు దగ్గర్నుంచి ఊడదీసి, హాలు గుమ్మం పక్కన చెయ్యి అందేంత ఎత్తులో, బల్బు వెలుగు పడని వైపున అతికించింది. ఇప్పుడు బిళ్లకు హాలులో ట్యూబులైటు కనపడుతోంది కాబట్టి బల్బు బుద్ధిగా ఆరి ఉంది. అరచెయ్యి అడ్డం పెట్టగానే టక్కుమని వెలిగింది. చెయ్యి తీస్తే ఆరింది. మధ్యలో తైతక్కలు లేవు.

"ఏదీ, నన్ను చెయ్యనీ" అని కమలాకుమారి గుమ్మం దగ్గరికి వచ్చి, కోడలు చూపించిన చోట గోడ తడిమి, బిళ్ల మీద అరచెయ్యి కప్పింది.

టక్.

"వెలిగింది!" చిన్నపిల్లలా సంబరపడిపోయింది. నాలుగైదుసార్లు పెట్టింది, తీసింది. అన్నిసార్లూ సరిగ్గానే చెప్పింది. ఎదురుగా నిలబడి చూస్తే కనపడుతోంది మరి. "చూశావుటే, నాకేం? నిక్షేపంలా కనపడుతోంది. నువ్వూ నీ కంగారూ!"

నిషిత గుండె కాస్త కుదుటపడింది. అంత భయపడాల్సింది లేదేమో. కందిలో కంటి పరీక్షల శిబిరం పెట్టినప్పుడు తాతను ఒక్కొక్క కన్ను మూసి చూడమనడం గుర్తొచ్చింది. రేపు డాక్టరుకు చెప్పడానికి పనికొస్తుందని అడిగింది.

"ఒక్కొక్క కన్ను మూసి చూడుండ్రి అత్తమ్మా. ముందు ఎడమ కన్ను."

కమలాకుమారి ఆటలో పడింది. ఎడమ కంటి మీద ఒక చెయ్యి పెట్టుకుని, రెండో చేత్తో బిళ్లను మూసింది. టక్. "వెలిగింది." తీసింది. "ఆరింది. ఇంకేం అడుగుతావు?"

"ఇప్పుడు కుడి కన్ను మూయుండ్రి."

కుడి కంటి మీదికి చెయ్యి మార్చుకుంది. రెండో చెయ్యి బిళ్ల మీద పెట్టింది.

టక్.

కమలాకుమారి కాసేపు చూసింది. చెయ్యి తీసి మళ్లీ పెట్టింది. టక్కుమంది, మళ్లీ టక్కుమంది. ఈసారి అరచెయ్యి గట్టిగా అదిమి అలాగే ఉంచింది.

"చప్పుడైతే అవుతోందే" అంది. "బల్బు పోయినట్టుంది. ఈ కాలపు సరుకే ఇంత, పొద్దున పెడితే సాయంత్రానికి మాడిపోతుంది. సత్తిబాబుకు ఫోన్ చెయ్యి, ఇంకోటి తెచ్చి పెడతాడు."

నడవాలో బల్బు నిండుగా వెలుగుతోంది. ఆ వెలుగు కమలాకుమారి ముక్కుపుడక మీద, పెద్దగా తెరుచుకున్న ఎడమ కంటి మీద పడుతోంది. ఆమె ఆ కంటితోనే బల్బు వైపు సూటిగా చూస్తూ, కోడలి జవాబు కోసం నవ్వుమొహంతో ఎదురుచూస్తోంది.

చెప్పెయ్యాలి. ఇప్పుడే చెప్పెయ్యాలి. కానీ ఆ నవ్వును చూస్తూ ఎలా చెప్పడం? రేపు డాక్టరు చెప్తాడు. ఒక్క రాత్రి, ఈ ఒక్క రాత్రి ఈమె హాయిగా నిద్రపోనీ.

"అవునత్తమ్మా" అంది. "బల్బే పోయింది. రేపు మార్పిస్త."

"పోవడమేంటి?"

ప్రవీణ్‌కుమార్ గొంతు. డ్యూటీ నుంచి ఎప్పుడొచ్చాడో, బూట్లు చేత్తో పట్టుకుని హాలు మధ్యలో నిలబడి, ఇద్దరి భుజాల మీదుగా నడవాలోకి చూస్తున్నాడు. నిషిత వద్దన్నట్టు చెయ్యెత్తబోయింది. అతను అప్పటికే నవ్వేశాడు.

"బాగుందమ్మా మీ ఇద్దరి వరస! ఎదురుగా దివ్యంగా వెలుగుతుంటే పోయిందంటారేంటి?"

కమలాకుమారి మొహంలో నవ్వు మెల్లగా తగ్గింది. కుడి కంటి మీది చెయ్యి మాత్రం దించలేదు. ఎడమ కన్ను ఇంకా పెద్దది చేసుకుని, వెలుగుతున్న బల్బు వైపే చూస్తూ, రెండో చేత్తో గాలిలో వెతికి నిషిత మణికట్టు పట్టుకుంది. బిళ్ల మీద నుంచి చెయ్యి తియ్యగానే బల్బు ఆరిపోయింది. ఆ సంగతీ ఆమెకు తెలియలేదు.

"వాడి మాట వదిలెయ్. నువ్వు చెప్పు నిషీ" అంది. "ఇప్పుడు వెలుగుతోందా?"